తెలియకపోతే నాలుగే ఉంచండి

బంగారుపాళెం దాటినాక, గుజ్జు ఫ్యాక్టరీ గేటు ముందర
తోతాపురి ట్రాక్టర్లు రోడ్డు దాకా నిలబడ్డాయి.
అడుగు కాయలు ఎండకు మెత్తబడి రసం కారుస్తున్నాయి.
ఈగలొక్కటే టోకెన్ లేకుండా లోపలికి పోతున్నాయి.

కాటాలు ఆరు. పాతవి నాలుగు, కొత్తవి రెండు.
కంప్యూటరుకు కనబడేది నాలుగే.
అయిదో కాటా తీగను పీకి గుచ్చి, గుచ్చి పీకి
మునిరత్నం చేతులు దులుపుకున్నాడు.
"తీగ బాగుంది మేడం, కాటా బాగుంది,
మిషనుకే నాలుగు కండ్లు."

ఆ రాత్రి కాటా గదిలో
ఫ్యాను గాలికి రసీదులు ఎగరకుండా
ఎండిన టెంకలు బరువు పెట్టి
కెర్నల్ విప్పుకుంటూ పోయాను.
ఒక ఫైల్లోంచి ఇంకో ఫైల్లోకి,
చివరికి ఒక సీరియల్ డ్రైవర్ అడుగున దొరికింది:
వరసగా గళ్ళు, వాటి పక్కన
బ్రాకెట్ల మధ్య ఇరుక్కుని కూర్చున్న నాలుగు.
ఎందుకని ఎవరూ రాసిపెట్టలేదు.
ఎప్పుడో, ఏ చలి ఊళ్ళోనో, ఒక మనిషి
తన బల్ల మీది పెట్టెను వెనక్కి తిప్పి
రంధ్రాలు లెక్కపెట్టి, నాలుగని రాసి
టీ తాగను లేచి ఉంటాడు.
కోపం రాలేదు నాకు.
ఆ పొద్దు నేనున్నా అంతే రాసేదాన్ని.

నాలుగు కొట్టేసి ఎనిమిది వేయడం అర నిమిషం పని.
వేశాను. చెరిపేశాను.
ఎనిమిదీ నా బల్ల మీది లెక్కే గదా.
యజమాని వచ్చే కాపుకు తొమ్మిదోది కొంటే
ఇంకెవరో, ఇంకో రాత్రి, ఇవే మెట్లు దిగాలి.

"వెయ్యి పెట్టేయండి, పీడా పోతుంది"
వాకిట్లోంచి కాపలా దొరస్వామి.
"ఖాళీ క్రేట్లు వెయ్యి తెచ్చి గోడౌన్లో పేర్చుకుంటే
కాయలు యాడ పోస్తావన్నా?
ఎవురూ కూర్చోకపోయినా
కుర్చీ వేసిన జాగాకు మెమరీ బాడుగ కట్టాల."
ఆయన ఆరిపోయిన బీడీని తిప్పి తిప్పి చూసి
"అట్లయితే ఎంతమందని అడిగి వేయాల" అన్నాడు.

అడిగి వేయాల.
నాకు ఇంత పొట్టిగా ఎవరూ పాఠం చెప్పలేదు.

అంకెను తీసి దాని చోట ఒక పేరు పెట్టాను.
పేరుకొక ప్రశ్న తగిలించాను.
జవాబుకు గట్టు వేశాను, ఒకటి నుంచి అరవై నాలుగు దాకా.
హద్దు పోలేదు, ఇంకాస్త దూరం జరిగింది.
ఇంక కెర్నల్ కట్టేవాళ్ళు కట్టే ముందర
వాళ్ళ కాటాలు వాళ్ళే లెక్కపెట్టుకుంటారు.

కోడుకు పది నిమిషాలు పట్టింది.
ప్రశ్న కింద రాయాల్సిన రెండు వాక్యాలకు గంట.
మీ యంత్రానికి ఎన్ని పోర్టులుంటే అన్ని చెప్పండి.
తెలియకపోతే నాలుగే ఉంచండి.
చలి ఊరి పెద్దమనిషీ, చూడు,
నీ నాలుగు అక్కడే ఉంది, మొదటి జవాబుగా.

తెల్లారి నాలుగున్నరకు కొత్త కెర్నల్ లేచింది.
తెర మీద ఆరు వరసలు, ఆరు సున్నాలు.
అయిదో కాటా మీద మొట్టమొదట ఎక్కింది
ఊడవను వచ్చిన రాజమ్మాళ్.
యాభై ఒక కిలోల మూడొందల గ్రాములు.
"చీపురు తీసేసి రాసుకో మ్మే" అని నవ్వింది.
మునిరత్నం నిజంగానే తీసేసి రాశాడు.

గేటు తెరిచారు. ట్రాక్టర్లు మూడు వరసల్లో కదిలాయి.
పదకొండింటికి ఒక రైతు
తలగుడ్డ విప్పి మొహం తుడుచుకుంటా
కిటికీలోకి వొంగాడు.
"కాటాలు పెంచినారంట, మంచిపనే.
కిలోకి ఇంతని రేటు వేస్తారే, ఆ అంకె
యాడ రాసిపెట్టినారమ్మా? అది మారదా?"

ఏ ఫైలో, ఎవరి బల్లో.
ఆ సోర్సు నా దగ్గర లేదు.
ఆయన బరువు తెరను ఆయన వైపు తిప్పాను.
రెండు టన్నుల నూటా పది.
చాలాసేపు చూశాడు,
వెనక హారన్లు మోగేదాకా.