పదహారు జీబీ

హవల్లీలో కంప్యూటర్ల వీధి,
శుక్రవారం, అసర్ నమాజు దాటాక.
జేబులో తొంభై ఐదు దినార్లు.
నావి నలభై, ఓబులేసువి ముప్పై,
మిగతావి మహబూబ్ పీరా చీటీ పాడుకున్నవి.

"ఏం పనికి?" అన్నాడు కొట్టు శిహాబు,
మలయాళం కలిసిన హిందీలో.
సినిమాకి అనడానికి నోరు రాలేదు.
వీడియోలకి అన్నాను.
పెళ్ళి వీడియోలనుకున్నాడు, మంచిదే.

ర్యామెంత, గ్రాఫిక్స్ కార్డు విడిగా ఉందా,
డిస్కు తిరిగేదా తిరగనిదా...
మేడమ్ పిల్లలు ట్యూషన్ నుంచి వచ్చేదాకా
బండి నీడలో పెట్టుకుని
ఆరు నెలలు ఫోన్‌లో చూసి కంఠతా పట్టిన ప్రశ్నలు.
బళ్ళో ఎక్కాలు కూడా
ఇంత శ్రద్ధగా చదవలేదు.

వెండిరంగుది నాజూగ్గా ఉంది. నాలుగు జీబీ.
ఓబులేసు దాన్నే నిమురుతున్నాడు, కోడెదూడను నిమిరినట్టు.
నేను నల్లదాన్ని తిరగేశాను.
బరువు. కీలు వదులు. ఒక మూల చొట్ట.
వెనక అరబ్బీలో ఏదో ఆఫీసు స్టిక్కరు, సగం గీకింది.
పదహారు జీబీ.
చెవి దగ్గర పెట్టుకుని ఫ్యాను విన్నాను.
డ్రైవర్ని, తిరిగేదాన్ని వినడం నాకు తెలుసు.
"ఇదే."

ఇక సాఫ్ట్‌వేరు.
ఒకటి నెలనెలా అద్దె అడుగుతుంది,
గది అద్దెకే గింజుకునే వాళ్ళం.
ఒకటి దొంగది, శిహాబు పెన్‌డ్రైవ్‌లో ఊరికే ఇస్తానన్నాడు.
పీరా ఒప్పుకోలేదు: "తొలి సినిమా అప్పా, దొంగసొమ్ముతో వద్దు."
ఒకటి ఉచితమే, కానీ
సుబ్బరత్నమ్మ మొహం మీద తన పేరు అచ్చేస్తుంది,
పశువుకు వాత పెట్టినట్టు.
చివరికి దొరికింది డబ్బులూ అడగదు, పేరూ కొట్టదు,
అర్థం మాత్రం కాదు.
మొదటి రాత్రి ఒక్కో మెనూ తెరిచి మూసి
సివిల్ ఐడీ ఆఫీసులో తప్పు కిటికీ ముందు నిలబడ్డట్టు
ముగ్గురం కూర్చున్నాం.

సినిమా గురించి చెప్పలేదు కదా.
జూలైలో ఫోన్‌తో తీశాం, తొమ్మిది నిమిషాలు.
సుబ్బరత్నమ్మ సాల్మియాలో ఒక ఇంట్లో వంట చేస్తుంది.
సినిమాలోనూ అంతే.
కాకపోతే సినిమాలో ఒకరోజు
తనకోసం సంగటి కెలుక్కుని, ఊరిబిండి వేసుకుని,
ఆ ఇంటి పెద్ద బల్ల దగ్గర కుర్చీ లాక్కుని తింటుంది.
కథ అయిపోయింది.
బల్ల మాకెక్కడిది?
రెండు మంచాల మీద ప్లైవుడ్ పరిచి దుప్పటి కప్పాం.
ఆమెకు సెలవు శుక్రవారం రెండు గంటలు,
నాలుగు శుక్రవారాలు వచ్చి తిన్నది.

ప్రతి షాట్‌లోనూ ఏసీ మోత.
ఆపి తీద్దామంటే జూలై.
సాఫ్ట్‌వేర్‌లో దానికో మీట ఉంది, చివరిదాకా లాగాను.
మోత పోయింది.
గది కూడా పోయింది.
రత్నమ్మ ఏ దేశమూ కాని చోట
గాల్లో కూర్చుని నములుతోంది.
"యాడికి పంపిస్తివప్పా ఆయమ్మను?" అన్నాడు ఓబులేసు.

వెనక్కి లాగాను,
సగం కంటే కొంచెం ఎక్కువ.
మా ముసలి ఏసీ వచ్చింది,
కింద వీధిలో ఎవరిదో హారన్ వచ్చింది,
పళ్ళేనికి తగిలిన గాజు వచ్చింది.

తెల్లవారు నాలుగింటికి ఎక్స్‌పోర్ట్ నొక్కాం.
నల్లది ఉడికిపోతోంది.
నాలుగు సీసామూతలు కింద పెట్టి పైకెత్తాం,
పీరా తన సెలవు ఫారంతో విసిరాడు.
అరవై ఒక్క శాతం దగ్గర చాలాసేపు ఆగింది.
ఆరింటికి నేను పిల్లల్ని బళ్ళో దింపాలి.

వచ్చే శుక్రవారం రత్నమ్మ చూసింది, మంచమ్మీద కూర్చుని,
కొంగు నోటికడ్డం పెట్టుకుని.
అయిపోయాక చాలాసేపు ఏమీ అనలేదు.
తర్వాత అడిగింది:
"నాలుగు ముద్దలు తింటి కదరా,
రెండే చూపించినావే?"

నిజమే. బిగువుగా ఉంటుందని కోశాను.
ఆమెను బస్సెక్కించి వచ్చి
నల్లదాన్ని మళ్ళీ తెరిచాను.