నల్ల గింజలు

పధ్నాలుగేళ్లు, పదకొండు క్లబ్బులు,
అన్నీ మూడో డివిజనో, దాని కిందిదో.
ఏడాదికో ఒప్పందం.
జూన్ వస్తే చాలు, అటక మీంచి అట్టపెట్టెలు దిగేవి.

ఎలాదియో ఆట నేను పెద్దగా చూడలేదు.
ఉతికాను.
తెరువెల్‌లో ఎర్రమట్టి,
లుగోలో వానకి నానిన పచ్చిక పసరు,
దక్షిణానికొచ్చాక అంతా ప్లాస్టిక్ గడ్డి:
సాక్సులు దులిపితే
రబ్బరు గింజలు ఆవాల్లా రాలేవి.

పేపర్లో ఒక్కసారే పేరొచ్చింది,
అదీ అచ్చుతప్పుతో.
దాన్నే కత్తిరించి ఫ్రిజ్‌కి అంటించాడు.

ఇప్పుడు ఆలివ్ నూనె మిల్లులో రాత్రి డ్యూటీ.
మెట్ల మీద
అతనికంటే ముందు అతని మోకాలు పలుకుతుంది.

నిన్న వాషింగ్ మెషిన్ బాగుచేసే కుర్రాడు
గొట్టంలోంచి గుప్పెడు నల్ల గింజలు తీసి
"ఇవేంటి సెన్యోరా?" అన్నాడు.

పారెయ్యబోతుంటే
గిన్నె పట్టాను.