వలెను

కలెక్టరాఫీసు మూడో గదిలో నా టైపు బల్ల.
కిటికీ తెరిస్తే హార్బరు కూత,
మూస్తే ఫ్యాను కూత.
ఉప్పుగాలికి బీరువా తాళం తుప్పుపట్టి
ఇరవయ్యేళ్ళ ఫైళ్ళు తమకు తామే కాపలా కాసుకుంటున్నాయి.

ఈవేళ నా ముందు ఒక ముసాయిదా:
బడుల భద్రత, ఏడో నిబంధన.
"పిల్లలున్న ఇంట ఆయుధమును తాళములో ఉంచవలెను.
తూటాలు వేరొక చోట ఉంచవలెను.
ఆయుధము కనిపించనిచో ఆ పూటే తెలుపవలెను."
మూడు వలెనులు.
మూడింటినీ ఎవరో పెన్సిల్‌తో కొట్టేసి
పక్కన సన్నగా రాశారు: వచ్చును.

పోయిన నెల అభిప్రాయ సేకరణ సిరిపురంలో.
మినిట్స్ రాసింది నేనే.
ప్లీడరు బొడ్డేపల్లి గారు లేచి
"తుపాకులు ఢిల్లీ పరిధి, బడులు మన పరిధి,
ఈ నిబంధన గోడ దూకుతోంది" అన్నారు.
రొయ్యల కంపెనీ ఓనరొకాయన
"లైసెన్సున్నవాడు దొంగా?" అన్నాడు.
టీ వచ్చింది. బిస్కెట్లు వచ్చాయి.
అప్పుడు వెనక వరసలోంచి అసిరమ్మ లేచింది,
జ్ఞానాపురం బడిలో ఆయా.
మైకు పట్టుకోవడం రాక గరిటెలా పట్టుకుంది.

"ఆరో తరగతి గుంటడు, బాబూ.
కేరేజీ సంచి బరువుగుందని సూసినాను.
పెరుగన్నం కింద, తువ్వాల్లో సుట్టి ఉంది.
ఏటిరా ఇది అంటే,
నాన్న డ్రైవరు, ఓనరు కార్లో మరిసిపోనాడు,
నేస్తాలకి సూపిద్దారని తెచ్చినాను అన్నాడు.
అరిస్తే పిల్లలు బెదిరిపోతారు.
అరవనేదు.
బియ్యం డ్రమ్ములో ఎట్టీసి
మూతేసి మీద కూకున్నాను.
పోలీసులొచ్చీసరికి గంటన్నర.
రెండొందల మంది కంచాలట్టుకుని నిలబడిపోనారు,
అన్నమేదీ, అన్నమేదీ అని.
నెగనేదు నాను."

హాల్లో ఎవరో నవ్వారు, మళ్ళీ ఆపేశారు.
రొయ్యలాయన ఫోను చూసుకున్నాడు.
నేను రాసుకున్నది ఒక్క వాక్యం:
"పాఠశాల సిబ్బంది ఒకరు తమ అనుభవమును వివరించిరి."
గంటన్నరకి మినిట్స్‌లో చోటు లేదు.
ఆవిడ మోకాళ్ళకి లేదు.
ఎసట్లో పడని ఆ బియ్యానికీ లేదు.

రాత్రి మా వాణ్ణి అడిగాను,
వచ్చునుకీ వలెనుకీ తేడా ఏంట్రా అని.
"హోంవర్కు చేయవచ్చును అంటే చెయ్యను.
చేయవలెను అంటే
నువ్వు చూస్తున్నప్పుడు చేస్తాను."

శుభ్రప్రతి సాయంత్రంలోగా అమరావతికి వెళ్ళాలి.
ఈ పెన్సిల్ ఎవరిదండీ అని అడిగితే
సూపరింటెండెంటు పైకి చూశాడు.
పైన ఫ్యాను ఉంది.

పొద్దున్న బస్సు జ్ఞానాపురం వంతెన దగ్గర ఆగిపోతే
దిగి ఆ బడి మీదుగా నడిచాను.
గేటు దగ్గర ముక్కాలి పీట మీద అసిరమ్మ.
ఏ చట్టమూ చెప్పలేదు, జీతమూ పెరగలేదు,
ఒక్కో సంచి కిందా అరచెయ్యి పెట్టి
పసిబిడ్డని తూచినట్టు తూస్తోంది.
ఒక పిల్ల సంచి బరువెక్కువ తూగింది.
జిప్పు లాగింది.
తడి ఇసుక, గవ్వలు, ఒక సోడా మూత.
"ఎల్లెల్లు, బెల్లు కొట్టీసినారు" అంది.
ఆ చెయ్యి అప్పుడే ఇంకో సంచి కింద ఉంది.

పైవాళ్ళు మళ్ళీ కొట్టేస్తారు కాబోలు.
కొట్టేస్తే పెన్సిల్‌తో కాదు, సిరాతో,
కింద పేరు పెట్టి కొట్టాలి.

వ దగ్గర వేలు కాసేపు ఆగింది.
తర్వాత లె. తర్వాత ను.
మూడుసార్లు.
పాత ప్రతి మీద పెన్సిల్ గీతని చెరిపితే
రబ్బరు పొట్టు మిగిలింది కొంచెం.
ఊదాను.