ఉత్త గాలి

నేను పొగ తాగ.
అచ్చంపేట అంగట్ల ఎవల్నడిగినా చెప్తరు,
మేదరి బుగ్గమ్మ చిలుము గొట్టాలు అమ్ముతది గని
అగ్గిపెట్టె కూడ కొంగున కట్టదని.

గంపకు పొడుగు కంక గావాలె, చాటకు లేతది.
గొట్టానికి మాత్రం
నిలవడ్డ కాడనే ముదిరినది గావాలె.
కణుపుకు కణుపుకు జానెడు జాగ,
లోపలి బోలు సిటికెనేలు దూరీ దూరనంత.
అసొంటిది దొరకాల్నంటే
పొద సుట్టూత తిరిగి
ఎండ తగలని దిక్కు కూసోవాలె.
అమాస ముందట కొడితే పురుగు ముట్టదు.
పున్నమికి కొట్టినదాన్ల
నెల తిరగకముందే తెల్లటి పిండి రాలుతది.

మన్ననూరు చెక్‌పోస్టు కాడ
గార్డు పిలగాడు మోపు లెక్కవెడ్తడు.
కొంగుల దోపుకున్న జానెడు ముక్కను
బుక్కుల ఎట్ల రాయాల్నో ఆనికి తెల్వదు.

అటుక మీద మూడు నెలలు.
కింద గటుక ఉడుకుతుంటది,
మీద కంక తేనె రంగు తిరుగుతది.
అప్పుడు సైకిలు పుల్ల పొయ్యిల వెట్టి
ఎర్రగైనంక కణుపుల దించుత.
సుయ్ మంటది.
అడ్డమున్న గోడ కాలి
ఆ దిక్కు ఎలుగు ఈ దిక్కుకొస్తది,
జొన్నగింజంత.

గుల్ల నాది గాదు.
కుమ్మరి చెన్నకేశులు చేసిస్తడు,
పుట్టమన్నుల బూడిద కలిపి, బొటనేలుతోని ఒత్తి.
ఆయన ఏలిముద్ర లోపల్నే ఉంటది,
నిప్పు కింద.
రెండిటి నడుమ ఆముదం తడిపిన గుడ్డపీలిక,
అంతే, ఇంకేం లేదు.

అమ్మే ముందట ఒక పని ఉన్నది.
గొట్టం పెదువుల నడుమ వెట్టి
ఉత్త గాలి పీలుస్త.
సక్కగుంటె సన్నటి ఈల, అడ్డముంటె గురక.
కాలిన కంక వాసన,
నాలుకకు తగిలీ తగలని తీపు.
ఎన్నేండ్ల సందో
నా చేతి గొట్టాలన్నిట్ల తొలి ఊపిరి నాదే.
కొన్నోల్లకు తెల్వదు. నేను చెప్పలె.

మొన్న బయ్యన్న ఒచ్చిండు,
లోపలి పెంట నుంచి, జీపెక్కి.
ఆయన నడిచి రాకపోవుడు ఎన్నడు సూడలె నేను.
సంచిల చెయ్యివెట్టి గొట్టం తీసిండు.
నాదే. గుర్తువట్టనీకి కొంచెం సేపైంది.
నల్లగ, నున్నగ,
పంటి కింద ఉండే కాడ గుంటవడి.

"డాక్టరు పొగ బందన్నడు బుగ్గవ్వా.
పొగ వద్దన్నడు గని గొట్టం వద్దనలె.
గుల్ల పీకి ఇయ్యి.
ఇది నోట్ల లేకుంటే
ఏ తేనెపట్టు ఏ బండకున్నదో
యాదికొస్తలేదు."
నవ్విండు. సగం నవ్వు దగ్గైంది.
అది ఆగేదాక నేను
పుల్ల కాలిందా లేదా అని పొయ్యి దిక్కే చూసిన.

గుల్ల ఊడదీసిన.
చెన్నకేశులు ఏలిముద్ర మసిల మునిగిపోయింది.
పుల్ల దించితే కణుపుల కెల్లి
బండి కందెన లెక్క నల్లటి జిగురు ఊడొచ్చింది.
ఎన్ని వానకాలాలదో, ఎన్ని మంచెల మీదిదో,
నాకేమెరుక.
గుడ్డతోని తుడిచిన. ఇప్పనూనె రుద్దిన.
ఇచ్చే ముందట, అలవాటు గదా,
పెదువుల నడుమ వెట్టుకున్న.

చేదు.
కొండనాలుక దాక చేదు.
ఒకసారి పోయిన గొట్టం
మల్ల నా నోటికి ఒచ్చుడు ఇదే మొదలు.
అప్పటి నా ఊపిరి ఏ మూలకున్నదోనని
నాలుకతోని ఎతికిన.
దొరకలె.
బయ్యన్న చూస్తున్నడు.
ఈల మాత్రం సక్కగనే ఒచ్చింది.

పైసలు తీసుకోలె. వద్దని కూడ అనలె,
చెయ్యి చాపలె, అంతే.
ఉత్త గొట్టం పండ్ల నడుమ వెట్టుకొని
జీపు దిక్కు పోయిండు,
ఏదో బండ యాదికొచ్చినట్టు తలకాయ ఊపుకుంట.

కడవల నీళ్లు ముంచుకొని పుక్కిలించిన.
మూడుసార్లు. పోలె.
అటుక మీది ముక్కలు లెక్కవెట్టిన, పదకొండు.
పొద్దుగూకినంక గటుక తింటే
అది కూడ కొంచెం బయ్యన్న లెక్కనే ఉండె.
అమాస ఇంక ఆరు దినాలు.
కత్తి నూరుకోవాలె.