గుంజీలు

మంగళవారం, పదిన్నర. అమ్మన్‌ఫర్డ్.
ఊరి పేరులోనే అమ్మ ఉందని
వేల్స్ వచ్చిన కొత్తలో నాలో నేనే నవ్వుకున్నాను,
ఇక్కడ ఎవరికని చెప్పను?
చాపెల్ వెనక హాల్లో
చేతుల్లేని కుర్చీలు ఎనిమిది వేస్తాను.
చేతులుంటే మోసం చేస్తారు.

గ్విలిమ్ ప్రాసర్, డెబ్భై మూడేళ్ళు,
తలుపు దగ్గరే ఆగి
వాన గురించి ఎత్తుకుంటాడు.
వాన గురించి కాదది.
కారు నుంచి గుమ్మం దాకా ఖర్చయిన ఊపిరిని
మాటల చాటున కూడబెట్టుకోవడం.
నేను తడిసిన గొడుగు మడవడంలో
కావలసినదానికంటే ఆలస్యం చేస్తాను.

"చేతులు రెండూ గుండెల మీద కట్టుకోండి.
ఐదుసార్లు లేచి కూర్చోవాలి."
మా బళ్ళో వీటిని గుంజీలనేవాళ్ళం,
ఎక్కం తప్పితే చెవులు పట్టుకుని యాభై.
ఈయన ఏ ఎక్కం తప్పాడని?
పదహారో ఏట గనిలో దిగాడు, అంతే.
మా ఇల్లెందులో గనిని బాయి అంటారు,
నీళ్ళు లేని బాయి.
చెప్తే తలాడించాడు:
"నీళ్ళూ ఉండేవమ్మాయ్, మోకాళ్ళ దాకా."

జబ్బు ఊపిరితిత్తుల్లో అని ఫైల్లో ఉంది.
ఫోటోలన్నీ అక్కడే తీశారు.
నా టేపు మాత్రం తొడ చుట్టూ తిరుగుతుంది.
మోకాలి చిప్పకు జానెడు పైన
పెన్నుతో ఒక చుక్క.
సెప్టెంబరులో నలభై మూడు.
నవంబరులో ఛాతీ పట్టేసి
తొమ్మిది రోజులు ఆస్పత్రి మంచం మీద ఉండి వచ్చాక
ముప్పై తొమ్మిదిన్నర.

కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు.
ఈయన తిననూ లేదు,
నమలడానికీ ఊపిరి కావాలి.
ఉత్తినే కూర్చున్నాడు.
ఆయాసమొస్తుందని కదలడు.
కదలని కాలు కండ వదులుతుంది.
కండ లేని కాలు రెండడుగులకే ఆయాసం తెస్తుంది.
గానుగెద్దు నయం, నడుస్తుంది,
ఈ గానుగలో ఎద్దు కూర్చునే తిరుగుతుంది.

మా సినిమాల్లో వీరుడు తొడ కొడితే
ఎదుటి ఊరు ఖాళీ.
గ్విలిమ్ తొడ మీద అరచెయ్యి ఆనించి
మెల్లగా
దాన్ని బతిమాలుకుంటాడు.

పక్క కుర్చీలో నెస్టా రీస్.
బొగ్గు ముట్టలేదామె,
నలభై ఏళ్ళు బేకరీలో పిండి పీల్చింది.
చెయ్యెత్తి తల దువ్వుకోలేక
క్రిస్మస్‌కి ముందు జుట్టంతా కత్తిరించేసుకుంది.
"కొత్త ఫ్యాషన్" అంది.
బాగుందన్నాం.
నిజంగానే బాగుంది, అదే కష్టం.

ఇంగ్లీషులో లెక్కపెడితే
ఆస్పత్రిలో ఉన్నట్టుంటుందట గ్విలిమ్‌కి.
అందుకని ఆయన వెల్ష్‌లో, నేను తెలుగులో.
ఈన్. ఒకటి.
దై. రెండు.
త్రీ.
అక్కడ ఆగి
పెదవులు సున్నా చుట్టి
లేని దీపం ఆర్పుతున్నట్టు గాలి వదిలాడు.
స్టాప్‌వాచ్ ఆగదు. దానికి ఆయాసం లేదు.
మూడు, అన్నాను, ఆలస్యంగా.
పెద్వార్. నాలుగు.

ఐదోసారి
సగం ఎత్తులో నిలిచిపోయాడు.
లేచినట్టూ కాదు, కూర్చున్నట్టూ కాదు.
ప్యాంటు లోపల తొడ
తీగ మీద ఆరేసిన గుడ్డలా వణుకుతోంది.
హాలంతా ఊపిరి బిగబట్టింది,
ఎప్పుడూ బిగబట్టకండని వారం వారం చెప్పే
నాతో సహా.

కూర్చుండిపోయాడు.
"నాలుగున్నర అని రాయి."
ఫారంలో సగానికి గడి లేదు.
నాలుగు రాసి
అంచున పెన్సిలుతో అర చేర్చాను.
ఎవరూ చూడరు, చూసినా అడగరు.

టీ కప్పు తానే మోసుకెళ్ళి
సింకులో పెట్టి వచ్చాడు. దారిలో ఒక్కసారే ఆగాడు.
కోటు తొడుక్కుని
గుమ్మం దగ్గర మళ్ళీ వాన గురించి ఎత్తాడు.
వాన ఎప్పుడో వెలిసింది,
చాపెల్ మెట్ల మీద పల్చటి ఎండ.

అవునండీ, అన్నాను,
ఇవాళ ఆగేట్టు లేదు.