లెక్కకు ముందు గుప్పెడు

పరవాడలో మా లైను ఆగి ఇవాల్టికి పంతొమ్మిది రోజులు.
మలేరియా మాత్రలు. పసుపువి. పిల్లల పట్టీకి ఆరు.
డబ్బా మీద నాకు చదవరాని భాష,
బొమ్మ ఒక్కటే అర్థమయ్యేది:
సూర్యుడు, చెంచా, ఒక తల్లి చెయ్యి.
ఎక్కడో ఒక పెద్ద దేశం సాయం తగ్గించుకుందట,
ఆర్డరు సగమైంది.
ఏ సగం పిల్లలకి అందుతాయో
సూపర్‌వైజరు చెప్పలేదు. ఆయనకీ తెలీదు.

అందుకని తవిటినాయుడు గారితో కలిసి
పోస్టుకార్డులు పట్టుకుని తిరుగుతున్నాను.
ముప్పైనాలుగేళ్ళు ఉత్తరాలు పంచిన మనిషి,
రాయించడం ఇదే మొదలు.
"అయ్యా, వచ్చే బడ్జెట్టులో
పేద దేశాల మందులకీ తిండికీ మనమిచ్చేది పెంచండి."
ఇంతే. కింద పేరు, పేట, పిన్‌కోడు.

సిరిపురంలో ఒకాయన కారద్దం సగం దించి
"ముందు మన రోడ్లు చూడమను" అన్నాడు.
ఆ సగంలోంచి ఏసీ చల్లగా తగిలింది.
కంచరపాలెం టీకొట్టు దగ్గర నవ్వారు:
తనకు మాలిన ధర్మం, మొదలు చెడ్డ బేరం.
కేజీహెచ్ గేటు ముందు నర్సమ్మ
సంతకం పెట్టి, పెన్ను ఇవ్వకుండా అడిగింది:
"పాడేరు మీంచి డోలీల్లో దిగిన జ్వరాలు
రోజూ చూస్తున్నాను. వాటికి రాశావా?"

రాశాను. అది నీలం రబ్బరు కట్ట. ఇది ఎర్రది.
సంచిలో రెండూ ఒకదాన్నొకటి ఒరుసుకుంటూనే ఉన్నాయి.
ఆమె నీలం దాంట్లోంచీ ఒకటి లాక్కుని
గోడకి ఆన్చి పేరు రాసింది.

డిగ్రీ కుర్రాడొకడు మాత్రం సూటిగా,
"నీ షిఫ్టు కోసమే కదా ఇదంతా?"
అవును, అదీ ఉంది.
లేదంటే అబద్ధం.
అదొక్కటే అన్నా అబద్ధమే.

ఇవాళ తెల్లారకుండానే ఫిషింగ్ హార్బరు.
చోడిపల్లి ఎల్లయ్యమ్మ
కానాగంతలు ఒకవైపు, కవ్వళ్ళు ఒకవైపు ఏరుతోంది.
తల ఎత్తలేదు.
"ఏ దేశం బాబూ?"
చాలా ఉన్నాయమ్మా, పేర్లు నా నోటికీ తిరగవు.
"ఆల్లు మనకేటవుతారు?"

దారి పొడుగునా కూడగట్టుకున్న జవాబులు
ఒక్కటీ నోటికి రాలేదు.
పాటగాడు వచ్చాడు, రేటు అరవడానికి గొంతు సవరించాడు.
ఎల్లయ్యమ్మ చెయ్యెత్తి ఆపింది.
గంపలోంచి ఒక గుప్పెడు తీసి
పక్కన ఎవరిదో సత్తు గిన్నెలో వేసింది.
గిన్నె మనిషి ఇంకా రాలేదు.
వేటకెళ్ళిన ఆమె పెనిమిటీ రాలేదట, రెండేళ్ళ కిందట.

వేట బాగా పడ్డ రోజునా ఇలా? అన్నాను.
"పడ్డప్పుడేటి, పడనప్పుడేటి?
లెక్కెట్టేక తీద్దారంటే ఎప్పుడికీ మిగల్దు.
అందుకే ముందే తీసేత్తాం."
ఇక పాడమన్నట్టు చెయ్యి దించింది.

పాట అయ్యాక చీర చెంగుకి చెయ్యి తుడుచుకుని
"ఏదీ, ఎక్కడెయ్యాల?" అంది.
వేలిముద్రలో ఒక పొలుసు ఇరుక్కుంది,
ఇంకా తడిగా, గోరంత వెండి.

పాత పోస్టాఫీసు మెట్ల మీద లెక్కపెట్టాం.
రెండు వందల పదకొండు.
తవిటినాయుడు గారు ఆ పొలుసుని గోటితో గీకబోయారు,
"సార్టింగులో చిరాకు పడతారు" అంటూ.
మళ్ళీ ఆయనే ఊరుకున్నారు.

దూరంగా అవుటర్‌లో ఆరు ఓడలు.
ఏది నిండుదో ఏది ఖాళీదో ఇక్కణ్ణుంచి తెలీదు.
అప్పుడు గుర్తొచ్చింది,
ఊరంతా రాయించాను, నాదే రాయలేదు.
కార్డు మోకాలి మీద పెట్టుకున్నాను.
అచ్చు కంఠస్థమైన ఆ వాక్యం వద్దనిపించింది.
"అయ్యా, లెక్కపెట్టాక తీద్దామంటే
ఎప్పటికీ మిగలదు" అని రాశాను.
కింద పేరు, పేట, పిన్‌కోడు.

నా వేళ్ళకి చేపల వాసన.
కార్డుకీ అంటే ఉంటుంది.