ఇంటూ పడని చోటు

పలమనేరులో ఆ ఏడు వాన మొగం చాటేసింది.
నాలుగు దినాలకొకసారి ట్యాంకరు,
దాని వెనక బిందెల కొట్లాట.
మసీదు వెనక రేకుల కొట్టంలో మా మక్తబ్:
పదకొండు మందిమి, రెండు చాపలు,
బోర్లించిన టమోటా పెట్టే
జులేఖా ఆపాకు టేబులు.

పరీక్షలో మూడో ప్రశ్న:
ఉజూకు నీళ్ళు దొరక్కపోతే ఏం చేయాల?
శుభ్రమైన మట్టితో తయమ్ముమ్, అని
గౌస్‌పీర్ రాసినాడు. అందరం రాసినాం.
నేను దాని కింద ఇంకో మాట,
ఉర్దూలో కుదరక తెలుగులో, ఇరికించినా:
"మా ఇంట్లో నీళ్ళుండాయి. ఒక్క చెంబు.
అది మేకపిల్ల తాగాల. అప్పుడో?"

కాగితం ఇచ్చేసినాక కడుపులో దడ.
ఆపాకు ముందున్న హజ్రత్ అయితే
బెత్తమే బదులు చెప్పేది.

మరుసటి దినం కాగితం తిరిగొచ్చింది.
ఇంటూ లేదు. రైటూ లేదు.
అంచున పెన్సిల్‌తో, చీమల బారు మాదిరి:
"మంచి చోట ఆగినావు. ఇక్కణ్ణించి నడువు.
ఎవరి దాహం ముందు? ఎందుకు?"

మొదటి ప్రశ్నకు జవాబు ఇల్లు చేరేలోపే దొరికింది.
ఆ రెండోది ఉందే,
అది నాతోపాటు చాప మీద పడుకునింది.
చెంబు మీద మూత. గుంజకాడ మేకపిల్ల అరుపు.
అల్లాకు నా చేతుల తడి కావాలా,
దాని గొంతులో తడి కావాలా?
అమ్మ రెండుసార్లు కసురుకునింది,
దొర్లకుండా పడుకోమే అని.

తెల్లారి లేచి నిలబడి చెప్పినా:
"చేతులకు మట్టి చాలునంట గదా ఆపా.
గొంతుకు మట్టి చాలదు."

ఆపా ఔననలేదు, కాదనలేదు.
గౌస్‌పీర్ దిక్కు చూసింది: "నువ్వేమంటావు?"
"మేక చస్తే ఇంకోటి కొనుక్కోవచ్చు గదా!"
అందరం పగలబడి నవ్వినాం. ఆమె నవ్వలేదు.
"అదీ ఒక మాటే. నీ కాగితంలో రాసుకో.
కొన్న మేకకు దప్పికేస్తే ఏం చేస్తావో, అదీ రాయి."
వాడు పెన్సిల్ కొరుకుతా
మధ్యాహ్నం దాకా మాట్లాడలేదు.

వారం పోయినాకగానీ
అట్ట ఊడిన లావు కితాబు తెరవలేదామె.
వేలు పెట్టి ఒక వరుస చూపించింది.
ప్రాణమున్నదానికి దప్పికైతే
నీళ్ళు దానికే, నీకు మట్టి, అని
ఎప్పటి పెద్దలో రాసిపెట్టినారు.
"ముందే ఎందుకు చూపించలేదు ఆపా?"
"నువ్వు ఇంత దూరం వచ్చేదానివా?"

ఆ కాగితం ఇంకా నా ట్రంకుపెట్టెలో ఉంది.
ఒకటికి రెండు. రెండుకు ఒకటిన్నర.
మూడో ప్రశ్న ఎదుట
మార్కుల గడి
ఇప్పటికీ ఖాళీ.